నిపుణుల చేత రాయిస్తున్నారా? డబ్బు ఎలా ఇవ్వాలి, హక్కులు ఎంతవరకు తీసుకోవాలి

బెంగళూరులో తెలుగువాళ్లు నడిపే చిన్న ప్రచురణ సంస్థలు, ఆరోగ్య వెబ్‌సైట్లు, శిక్షణ సంస్థలు తక్కువేమీ లేవు. వాటిలో రోజువారీ రాతపని చూసుకునే ఉద్యోగులు ఒకరో ఇద్దరో ఉంటారు. మధుమేహం గురించి రాయాలంటే డాక్టరు కావాలి. బెంగళూరు ఆస్తి రికార్డుల్లోని ఎ-ఖాతాకీ బి-ఖాతాకీ తేడా చెప్పాలంటే ఆస్తి వ్యవహారాలు చూసే లాయరు కావాలి. టమాటా తెగుళ్ల మీదైతే బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం (జీకేవీకే)లో పనిచేసి రిటైరైన శాస్త్రవేత్త తలుపు తట్టాలి. ఇలాంటి వాళ్లను ఒప్పించడం అంత కష్టం కాదు. డబ్బు ఏ లెక్కన ఇవ్వాలి, రాసిచ్చినది ఎవరిది అన్న రెండు చోట్లే ముడి పడుతుంది.

సాధారణంగా సంభాషణ ‘పదానికి ఎంత తీసుకుంటారు?’ అని మొదలవుతుంది. నా దృష్టిలో అది చివర అడగవలసిన ప్రశ్న. ఆ వ్యాసంతో రేపు మీరేమి చేయదలచుకున్నారో తేలితే ఎన్ని హక్కులు కావాలో తెలుస్తుంది. హక్కులు తెలిస్తేనే ధర తెలుస్తుంది. ఈ రెండింటినీ విడదీసి, ముందు రేటు ఖాయం చేసుకుని, వ్యాసం చేతికొచ్చాక ‘సర్వహక్కులూ మావే’ అనే కాగితం పంపితే ఎంత మంచి నిపుణుడైనా రెండోసారి ఫోను ఎత్తరు.

ముందు తేల్చుకోవలసినవి

మొదటిది, మళ్లీ వాడకం. ఈ వ్యాసం ఒకసారి వెలువడితే చాలా? లేక పుస్తకంలో చేర్చాలా, కన్నడంలోకి, తమిళంలోకి అనువదించాలా, వీడియో పాఠంగా మార్చాలా? రెండోది, ఆయుష్షు. ఆదాయపు పన్ను మీద రాసిన వ్యాసం వచ్చే బడ్జెట్ దాకానే బతుకుతుంది. పాము కాటుకు ప్రథమ చికిత్స మీద రాసినది చిన్న చిన్న సవరణలతో ఏళ్ల తరబడి నిలుస్తుంది. మూడోది, విలువ ఎక్కడి నుంచి వస్తోంది? గుండె జబ్బుల నిపుణుడి పేరు చూసే పాఠకుడు నమ్ముతాడంటే, ఆ పేరు వాడుకునే హక్కూ బేరంలో భాగమే.

నాలుగోదాన్ని చాలామంది మరిచిపోతారు. మీ లెక్కల ఓపిక ఎంత? ప్రతి ఆరు నెలలకూ అమ్మకాల పట్టిక తయారుచేసి పంపగల మనిషి మీ ఆఫీసులో లేకపోతే రాయల్టీ మాట ఎత్తకండి.

డబ్బిచ్చినంత మాత్రాన మీది కాదు

ఎంపికల్లోకి దిగే ముందు చట్టం ఎక్కడ నిలబడిందో చూడాలి. 1957 నాటి కాపీరైటు చట్టం 17వ సెక్షన్ ప్రకారం రచనకు మొదటి యజమాని రచయితే. జీతం మీద పనిచేసే ఉద్యోగి తన ఉద్యోగంలో భాగంగా రాసినది, వేరే ఒప్పందం లేకపోతే, యజమానికి చెందుతుంది. బయటి నుంచి రాసిచ్చే నిపుణుడు ఉద్యోగి కాడు. మీరు లక్ష రూపాయలిచ్చినా, రాతపూర్వకంగా బదలాయించకపోతే కాపీరైటు ఆయన దగ్గరే ఉంటుంది. విచిత్రమేమిటంటే డబ్బిచ్చి తీయించుకున్న ఫొటో విషయంలో, గీయించుకున్న చిత్రపటం విషయంలో చట్టం దీనికి తిరగబడుతుంది. అక్కడ వేరే ఒప్పందం లేకపోతే తీయించుకున్నవారే యజమాని. అందుకే ఫొటోగ్రాఫర్లతో అలవాటైన సంస్థలు రచయితల దగ్గరికి వచ్చేసరికి పొరబడతాయి.

బెంగళూరులో మరో జబ్బు ఉంది. ఇక్కడి కంపెనీల ఒప్పంద పత్రాలు చాలావరకు అమెరికా నమూనాల నకళ్లు. వాటిలో ‘వర్క్ మేడ్ ఫర్ హైర్’ అని ఒక వాక్యం ఉంటుంది. అది అమెరికా చట్టంలోని ఏర్పాటు, అక్కడ కూడా కొన్ని నిర్దిష్ట రకాల రచనలకే పరిమితం. మన చట్టంలో బయటి రచయితలకు అలాంటిది లేదు. ఆ ఒక్క వాక్యాన్ని నమ్ముకుని బదలాయింపు అన్న మాటే రాయని ఒప్పందం మీ చేతిలో ఉంటే, హక్కులు వచ్చాయని నిశ్చింతగా ఉండకండి.

బదలాయింపు ఎలా ఉండాలో 19వ సెక్షన్ చెబుతుంది. అది రాతలో ఉండాలి, రచయిత సంతకం ఉండాలి. ఏ రచన, ఏ హక్కులు, ఎంత కాలం, ఏ ప్రాంతం, ఎంత సొమ్ము అన్నవి కనిపించాలి. కాలం రాయకపోతే ఐదేళ్లే. ప్రాంతం రాయకపోతే భారతదేశమే. డాలస్‌లోని తెలుగువాళ్లకు కోర్సు అమ్ముకునే సంస్థకు ఈ రెండో నియమం చిన్న విషయం కాదు. ఇంకొకటి: తీసుకున్న హక్కును ఏడాదిలోపు వాడకపోతే, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, అది రద్దయిపోతుంది. ‘ఎప్పుడో పనికొస్తాయి’ అని వ్యాసాలు కొని దాచుకునేవాళ్లు ఇది చూసుకోవాలి.

2012లో ఈ చట్టానికి చేసిన సవరణ ఇంకో గడియ వేసింది. ఒప్పందం నాటికి వాడుకలో లేని మాధ్యమానికి ఆ బదలాయింపు వర్తించదు, దాని పేరు ప్రత్యేకంగా రాసుకుంటే తప్ప. ‘ఇప్పుడున్న, ఇకపై రాబోయే సమస్త మాధ్యమాలలో’ అని ఒక్క గీతలో రాసేసి ఊపిరి పీల్చుకునే వెసులుబాటు అప్పటి నుంచి సన్నబడింది.

హక్కులు: ఐదు దారులు

| ఎంపిక | మీకు వచ్చేది | రచయితకు మిగిలేది | ఎవరికి సరిపోతుంది |
|---|---|---|---|
| మొదటి ప్రచురణ హక్కు మాత్రమే | అందరికంటే ముందు ఒకసారి వేసుకోవడం | ఆ తర్వాత అన్నీ | పత్రికలు, వార్తా వ్యాఖ్యలు |
| గడువున్న ఏకైక లైసెన్సు | ఒప్పుకున్న కాలం పాటు మీరొక్కరే వాడుకోవడం | కాపీరైటు. గడువు తీరాక పూర్తి స్వేచ్ఛ | వెబ్‌సైట్లు, కోర్సులు, పుస్తకాలు |
| ఏకైకం కాని లైసెన్సు | వాడుకోవచ్చు, ఇతరులను ఆపలేరు | ఎవరికైనా మళ్లీ ఇవ్వడం | ఇప్పటికే వెలువడిన వ్యాసాన్ని తిరిగి వేసేవారు |
| పూర్తి బదలాయింపు | రాసుకున్న మేరకు కాపీరైటు | నైతిక హక్కులు | పేరు లేకుండా రాయించుకునే కంపెనీలు, పాఠ్య సామగ్రి |
| బహిరంగ లైసెన్సు | షరతుల మేరకు మీతో పాటు ప్రపంచమంతా | కాపీరైటు, పేరు | స్వచ్ఛంద సంస్థలు, విద్యా ప్రాజెక్టులు |

పట్టిక చూస్తే పూర్తి బదలాయింపే భద్రమనిపిస్తుంది. నాకు అలా అనిపించదు. తీసుకున్న హక్కుల్లో సగం ఎప్పటికీ వాడరు, వాటికి మాత్రం ధర చెల్లిస్తారు. లేదా ధర చెల్లించకుండా అడిగి, మంచి నిపుణులను పోగొట్టుకుంటారు. డాక్టరుకు తన వ్యాసాలన్నీ కలిపి ఒకనాటికి పుస్తకంగా వేసుకోవాలని ఉంటుంది. ఆ ఆశను కొనేయాలంటే ఖరీదు ఎక్కువ. పైగా మీకు దానితో పని లేదు. రెండేళ్లో మూడేళ్లో ఏకైక లైసెన్సు, ఆ తర్వాత మీ వెబ్‌సైట్‌లో అలాగే ఉంచుకునే అనుమతి, అనువాదాలకు విడిగా ఒక మాట: నూటికి ఎనభై సందర్భాల్లో ఇంతకు మించి అవసరం ఉండదని నా అంచనా. లైసెన్సు కూడా రాతలోనే ఉండాలి. కాలం, ప్రాంతం గురించిన నియమాలు దానికీ వర్తిస్తాయి.

పూర్తి బదలాయింపు నిజంగా అవసరమయ్యే చోట్లు ఉన్నాయి. పాఠ్య సామగ్రిని ఏటా మార్చాలి, పదిమంది రాసిన ముక్కలను కలిపి ఒక పాఠం చేయాలి, ఎవరు ఏది రాశారో చెప్పలేని స్థితి వస్తుంది. అక్కడ ప్రతి సవరణకూ ప్రతి రచయితనూ అడుగుతూ కూర్చోలేరు. అప్పుడు బదలాయింపు తీసుకోండి, దానికి తగినంత ఇవ్వండి.

అయితే బదలాయించినా పోనివి ఉన్నాయి, పట్టికలో నైతిక హక్కులన్నది వీటినే. 57వ సెక్షన్ కింద ‘ఇది నేను రాసినది’ అని చెప్పుకునే హక్కు, తన పేరుకు మచ్చ తెచ్చేలా వక్రీకరిస్తే అడ్డుకునే హక్కు కాపీరైటు అమ్మేశాక కూడా రచయితకు ఉంటాయి. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లోని కుడ్య శిల్పాన్ని ఊడదీసి పాడుచేసిన కేసులో శిల్పి అమర్‌నాథ్ సెహగల్‌కు 2005లో ఢిల్లీ హైకోర్టు ఐదు లక్షల రూపాయల పరిహారం ఇప్పించింది. ఆ శిల్పం ప్రభుత్వ సొత్తే, అయినా శిల్పి గెలిచాడు. వైద్య వ్యాసంలో ‘ఈ మందు కొందరికి పనిచేయవచ్చు’ అన్న వాక్యాన్ని ‘ఈ మందు తప్పక పనిచేస్తుంది’ అని మార్చి డాక్టరు పేరుతో వేసే సంపాదకులు దీన్ని గుర్తుంచుకోవాలి. పెద్ద మార్పులకు రచయిత ఆమోదం తీసుకుంటామని ఒప్పందంలోనే రాస్తే ఇద్దరికీ మేలు.

బహిరంగ లైసెన్సుకు బెంగళూరులోనే మంచి ఉదాహరణ ఉంది. ప్రథమ్ బుక్స్ అనే ప్రచురణ సంస్థ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో పిల్లల కథలు క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉంటాయి. తెలుగుతో సహా అనేక భాషల్లోకి ఎవరైనా అనువదించవచ్చు, పేరు చెప్పి వాడుకోవచ్చు. ఇది ఉచితంగా రాయించుకునే ఉపాయం కాదు. రచయితకు ముందే సొమ్ము చెల్లించి, ఆ తర్వాత రచనను బహిరంగం చేయవచ్చు. ఒకసారి ఇచ్చిన ఈ అనుమతిని వెనక్కి తీసుకోలేరని, ఎంచుకున్న లైసెన్సు రకాన్ని బట్టి వ్యాపారులూ వాడుకోగలరని రచయితకు ముందే విడమరచి చెప్పాలి.

డబ్బు: ఏ లెక్కన?

*పదానికి ఇంత.* బడ్జెట్ వేసుకోవడానికి తేలిక, అందుకే ఇంత వ్యాప్తి. నిపుణుల విషయంలో మాత్రం ఇదే అన్నిటికంటే తప్పు కొలత. పదానికి 3 రూపాయల చొప్పున 1,500 పదాలకు 4,500 రూపాయలు అనుకుందాం. ఇరవై ఏళ్ల అనుభవమున్న లాయరు అదే విషయాన్ని 600 పదాల్లో తేటగా చెప్పగలడు. ఆయన చేతికి వచ్చేది 1,800. సాగదీసినవాడికి బహుమతి, క్లుప్తంగా రాసినవాడికి జరిమానా. పైగా తెలుగులో విభక్తులు, ప్రత్యయాలు పదంలోనే కలిసిపోతాయి కాబట్టి ఇంగ్లీషులో పట్టినన్ని పదాలు పట్టవు. రెండు భాషలకూ ఒకే రేటు పెట్టే సంస్థ తెలుగు రచయితకు తెలియకుండానే తక్కువ ఇస్తోంది. అనువాదాలకైతే పద లెక్క ఫరవాలేదు, మూల భాషలోని పదాలను లెక్కపెట్టేటట్లయితే.

*వ్యాసానికి ఇంత.* ఎక్కువ మందికి నేను సూచించేది ఇదే. కాని మొత్తం ఒక్కటే రాసుకుంటే చాలదు. ఎన్నిసార్లు తిరగరాయాలి? ఆధారాలు ఎవరు సరిచూస్తారు? ప్రచురించాక చట్టం మారితే సవరించి ఇవ్వడం ఇందులో చేరి ఉందా? అన్నిటికంటే ముఖ్యం, డబ్బు ఎప్పుడు? ‘ప్రచురించాక ఇస్తాం’ అనడం మన పత్రికల పాత అలవాటు. ఎప్పుడు ప్రచురించాలో మీ చేతిలో ఉంది, ఎదురుచూడటం రచయిత వంతు. ముసాయిదా అందగానే సగం, ఆమోదించగానే మిగతా సగం అనండి. రాయించుకుని ఏ కారణం వల్లనో వేయకపోతే ఎంత ఇస్తారో కూడా ముందే చెప్పండి. ఆ సందర్భంలో హక్కులన్నీ రచయితకే తిరిగి వెళ్లాలి.

*గంటకు, రోజుకు.* వేరొకరు రాసిన వ్యాసాన్ని డాక్టరు చదివి సరిదిద్దడం, ఇంజనీరుతో మాట్లాడి మీ ఉద్యోగి రాసుకోవడం వంటి పనులకు ఇదే సరైనది. నిజానికి రాసే తీరిక లేని నిపుణులతో ఈ పద్ధతే బాగా కుదురుతుంది. గంట మాట్లాడతారు, మీవాళ్లు రాస్తారు, ఆయన ఒకసారి చూసి ఆమోదిస్తారు. గరిష్ఠంగా ఎన్ని గంటలో ముందే అనుకోవాలి. ‘ఫలానా డాక్టరు సమీక్షించారు’ అని ఆయన పేరు వేయడానికి విడిగా అనుమతి తీసుకోవాలి.

*నెలకు ఇంత.* వారం వారం శీర్షిక రాసేవారికి. ఇక్కడ ఒక భ్రమ ఉంటుంది: నెలనెలా డబ్బిస్తున్నాం కాబట్టి ఆయన మా ఉద్యోగే, రాసినదంతా మాదే అని. నెల చెల్లింపు ఒక్కటే ఎవరినీ ఉద్యోగిని చేయదు. హక్కుల కాగితం ఇక్కడా ఉండాల్సిందే.

*రాయల్టీ.* పుస్తకాలకు, డబ్బు కట్టి చేరే కోర్సులకు తప్ప దీని జోలికి వెళ్లవద్దు. వెళితే శాతం దేని మీదో రాయండి. 200 రూపాయల పుస్తకానికి ముఖవిలువ మీద పది శాతమంటే ప్రతికి 20 రూపాయలు. పంపిణీదారుకు నలభై శాతం తగ్గింపు పోగా మీ చేతికొచ్చే 120 మీద అయితే 12 రూపాయలే. తగాదాలన్నీ ఈ ఎనిమిది రూపాయల దగ్గరే పుడతాయి. కొంత అడ్వాన్సు ఇచ్చి రాయల్టీలో సర్దుకోవడం తెలుగు పుస్తకాల మందకొడి అమ్మకాల్లో రచయితకు కాస్త ఊరట. పాత పన్ను విధానంలో కొనసాగే రచయితకు ఇంకో లాభముంది. సాహిత్య, కళా, శాస్త్ర గ్రంథాల మీద వచ్చే ఆదాయంలో 3 లక్షల వరకు మినహాయింపు పొందవచ్చు (1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో ఇది 80క్యూక్యూబీ సెక్షన్). బడి పాఠ్య పుస్తకాలకు, పత్రికా వ్యాసాలకు అది వర్తించదు.

*ఏమీ వద్దన్నవారు.* రిటైరైన ఆచార్యులు తరచుగా ‘నాకేమీ వద్దండి, నలుగురికీ తెలిస్తే చాలు’ అంటారు. శాస్త్ర పత్రికలకు డబ్బు తీసుకోకుండా రాయడం వారికి అలవాటు. ఆ మంచితనాన్ని పూర్తి హక్కుల బదిలీగా అనువదించుకోకండి. వారి దగ్గర లైసెన్సు మాత్రమే రాయించుకుని, ప్రయాణపు ఖర్చులైనా ఇచ్చి పంపడం మర్యాద.

పన్నుల దగ్గర చెడే స్నేహాలు

ఆడిటర్లు సాధారణంగా ఇలాంటి చెల్లింపులను వృత్తి సేవల కింద చూసి 10 శాతం టీడీఎస్ (చెల్లించేటప్పుడే పట్టుకునే ఆదాయపు పన్ను) కోస్తారు. రాయల్టీకీ ఇదే శాతం. 2025 ఏప్రిల్ నుంచి ఏడాదికి 50,000 రూపాయలు దాటితేనే కోత, అంతకు ముందు ఆ పరిమితి 30,000. పాన్ ఇవ్వకపోతే కోత 20 శాతానికి పెరుగుతుంది. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలులోకి రావడంతో సెక్షన్ల సంఖ్యలు మారాయి కాబట్టి పాత నమూనా ఒప్పందాల్లోని 194జె (వృత్తి సేవలు, రాయల్టీల మీద టీడీఎస్ గురించిన పాత సెక్షన్) వంటి ప్రస్తావనలు సరిచూసుకోండి.

తగువు ఇలా వస్తుంది. వ్యాసానికి 12,000 చొప్పున నాలుగు వ్యాసాలకు 48,000 కోత లేకుండా ఇచ్చారు. ఐదోదానితో మొత్తం 60,000 అయింది. పరిమితి దాటితే కోత మొత్తం సొమ్ము మీద, అంటే 6,000. అదంతా ఆఖరి చెల్లింపు నుంచి పోతే రచయిత ఖాతాలో 12,000 బదులు 6,000 పడుతుంది. ఏడాదిలో ఐదు వ్యాసాలు ఉంటాయని ముందే తెలిసినప్పుడు మొదటి నుంచీ కోయడం మంచిది, ఆ మాట ఆయనకు చెప్పి కోయడం ఇంకా మంచిది.

జీఎస్టీకి వస్తే, సేవలందించే రచయిత ఏడాది రాబడి 20 లక్షలు దాటకపోతే సాధారణంగా రిజిస్ట్రేషన్ అక్కరలేదు. రచయిత తన సాహిత్య రచన కాపీరైటును ప్రచురణకర్తకు ఇచ్చినప్పుడు మాత్రం పన్ను కట్టే బాధ్యత మామూలుగా ప్రచురణకర్త మీదే పడుతుంది. పుస్తకాలు వేసేవారు దీన్ని తమ ఆడిటరుతో తప్పక మాట్లాడాలి.

రచయితల వైపు నుంచి ఒక మాట. చిన్న సంస్థల నమోదుకు కేంద్ర ప్రభుత్వం నడిపే ఉద్యమ్ పోర్టల్‌లో ఉచితంగా నమోదు చేసుకున్న సూక్ష్మ సంస్థకు 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం ప్రకారం 45 రోజుల్లోపు డబ్బు అందాలి. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున, నెలనెలా చక్రవడ్డీ. బిల్లు మీద ఉద్యమ్ సంఖ్య కనిపిస్తే చాలు, చాలా సంస్థల లెక్కల విభాగం చురుకుదనం పెరుగుతుంది.

ఎవరు ఏది ఎంచుకోవాలి

చిన్న పత్రిక, చిన్న వెబ్‌సైట్ నడిపేవారు: వ్యాసానికి ఇంత, రెండేళ్ల ఏకైక లైసెన్సు. డబ్బు తక్కువగా ఉంటే గడువును ఆరు నెలలకు తగ్గించండి. ఇవ్వలేని సొమ్ముకు బదులు వదులుకోగల హక్కు ఇదే.

కోర్సులు అమ్మే శిక్షణ సంస్థలు: పూర్తి బదలాయింపు, కాని ప్రాంతం ‘ప్రపంచమంతటా’ అని, కాలం ఇంత అని రాసి, ఏడాదిలోపు వాడకపోయినా చెల్లుతుందని చేర్చి. ఒక్కడే పాఠం చెబుతూ, అతని పేరు మీదనే కోర్సు అమ్ముడుపోతుంటే మాత్రం ఒకేసారి కొనేయడం కంటే రాబడిలో వాటా ఇవ్వడమే న్యాయం. ఆయన పాఠాన్ని నవీకరిస్తూ ఉండటానికి అదే కారణమవుతుంది.

కంపెనీ అధిపతి పేరు మీద వ్యాసాలు రాయించుకునేవారు: పూర్తి బదలాయింపు, మామూలు కంటే బాగా ఎక్కువ పారితోషికం. పేరు వదులుకున్నవాడు రేపు చూపించుకోవడానికి ఏమీ లేకుండా పోతాడు, ఆ లోటును డబ్బే పూడ్చాలి. పుస్తక ప్రచురణకర్తలకు అడ్వాన్సు, రాయల్టీ, ముద్రణ అయిపోయి ఇంత కాలం మళ్లీ వేయకపోతే హక్కులు తిరిగి వెళ్లే షరతు.

ఎవరైనా సరే, ఏఐ నమూనాల శిక్షణకు వ్యాసాన్ని వాడవచ్చా కూడదా అన్నది ఇప్పుడు విడిగా ఒక వాక్యంగా రాసుకోవాలి. ‘డిజిటల్ వాడకం’ అన్న మాటలో అది దాగి ఉందని తర్వాత వాదించడం ఇద్దరికీ అనవసర శ్రమ.

బెంగళూరులో అయితే సంతకానికి ముందు ఇంకో ప్రశ్న అడగండి: మీరు ఎక్కడైనా ఉద్యోగంలో ఉన్నారా? ఇక్కడి సాఫ్ట్‌వేర్ నిపుణుల ఉద్యోగ ఒప్పందాల్లో బయటి పని మీద నిషేధం, రాసిన ప్రతిదీ కంపెనీదే అనే షరతు కనిపిస్తాయి. పోటీ సంస్థలకు పనిచేస్తున్నారని 300 మందిని తొలగించినట్లు 2022లో విప్రో ప్రకటించింది. క్లౌడ్ భద్రత మీద మీకు వ్యాసం రాసిచ్చిన ఇంజనీరుకు దాన్ని ఇచ్చే హక్కు అసలు ఉందో లేదో ఆయన కంపెనీ నియమాలే చెప్పాలి. ప్రభుత్వ సంస్థల శాస్త్రవేత్తలకు, ఆచార్యులకు అనుమతి తీసుకునే పద్ధతులు వేరేగా ఉంటాయి. అనుమతి వచ్చిందని ఒక ఈమెయిల్ తీసుకుని ఒప్పందంతో పాటు దాచుకోండి, ఆ తర్వాతే అడ్వాన్సు పంపండి.